వెనకవైపు కుట్టుకున్న పేరు

ప్రశ్న: నేను ప్రింట్‌మేకర్‌ని, అంటే దిమ్మల మీదా రేకుల మీదా బొమ్మ చెక్కి అచ్చులు వేసే కళాకారుల్లో ఒకరిని. లినోకట్ (లినోలియం దిమ్మ చెక్కి అచ్చు వేయడం), ఎచింగ్ (లోహపు రేకు మీద ఆసిడ్‌తో గీతలు దించి అచ్చు వేయడం) నా ప్రధాన మాధ్యమాలు. పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాను, కొన్ని బృంద ప్రదర్శనల్లోనూ ఒక ఏకవ్యక్తి ప్రదర్శనలోనూ నా బొమ్మలు పెట్టాను. గత మూడేళ్లుగా ఒక కుట్టుపని కేంద్రంలోని 26 మంది మహిళలతో కలిసి ఒక పెద్ద వస్త్రం తయారుచేశాం. నేను చెక్కిన లినో దిమ్మలతో గుడ్డముక్కల మీద అచ్చులు వేస్తే, ఎవరి ముక్క మీద వారు తమకు తోచింది కుట్టారు. చివరికి అన్నిటినీ కలిపి ఒకటి చేశాం. వచ్చే ఏడాది ఒక గ్యాలరీలో నా రెండో ఏకవ్యక్తి ప్రదర్శన ఖరారైంది. ఆ వస్త్రాన్ని ప్రదర్శన మధ్యలో పెడదామని, లేబుల్ మీద నా పేరు వేసి కింద "స్థానిక మహిళల సహకారంతో" అని రాస్తే సరిపోతుందని, కొనేవారు దొరికితే అమ్మేద్దామని గ్యాలరీవారు అంటున్నారు. ఈలోగా వేరే దేశంలో ఆరు వారాల రెసిడెన్సీ (కళాకారులు కొంతకాలం అక్కడే ఉండి పనిచేసుకునే అవకాశం) వచ్చింది. అక్కడి ప్రజలతో కలిసి ఒక సామూహిక కళాకృతి చేసి, గడువు ముగిసేలోగా చూపించాలన్నది వారి షరతు. మొన్న వస్త్రం మడత పెడుతుంటే, ఒకామె తన ముక్క వెనకవైపు, కుట్టు మడత పక్కనే, దాదాపు గుడ్డ రంగు దారంతోనే తన పేరు సన్నగా కుట్టుకుని ఉండడం కనబడింది. ఇంకొకామె "చూపించడం అయిపోయాక మా ముక్కలు మాకు ఇచ్చేస్తారా?" అని అడిగింది. జవాబు చెప్పలేకపోయాను. వీటిలో ఏది ఒప్పుకోవాలి, ఏది వదులుకోవాలి?

సమాధానం: మీ ఉత్తరంలో గ్యాలరీ, రెసిడెన్సీ ముందు వచ్చాయి, ఆ ఇద్దరు మహిళల సంగతి చివర్లో వచ్చింది. నేను చివరి నుంచే మొదలుపెడతాను. ఆ వస్త్రం ఎవరిదో తేలేదాకా గ్యాలరీకి ఔననడానికి గానీ కాదనడానికి గానీ మీకు ఒక్కరికే అధికారం లేదు. అది తేలితే ప్రదర్శన చిక్కు చాలావరకు విడిపోతుంది, రెసిడెన్సీవారికి ఏం రాయాలో కూడా తెలిసివస్తుంది.

ముందు "స్థానిక మహిళల సహకారంతో" అన్న మాట చూడండి. వినడానికి మర్యాదగానే ఉంటుంది. అయితే పేర్లున్న 26 మంది మనుషులను ఒక్క బహువచనంలోకి కుదించి, వారు చేసిన పనిని చేతిసాయంగా లెక్కగట్టే మాట అది. మీరు అచ్చు వేశారనీ, దాని మీద ఎవరికి తోచింది వారు కుట్టారనీ మీరే రాశారు. ఏం కుట్టాలో, ఏ రంగు వాడాలో, ఎక్కడ ఆపాలో వారే తేల్చుకున్నప్పుడు వారు చేసింది సాయం కాదు, బొమ్మ వేయడమే. మీరు గీసిన గీత మీదనే, మీరు చెప్పిన దారంతోనే కుట్టి ఉంటే లెక్క వేరుగా ఉండేది. అప్పుడు న్యాయమైన కూలీ, ఒక కృతజ్ఞతా వాక్యం చాలునని నేనూ ఒప్పుకునేవాణ్ణి. ఈ తేడా పైకి చిన్నదిగానే కనబడుతుంది గానీ పేరు, డబ్బు, యాజమాన్యం మూడూ దీన్నే పట్టుకుని వేలాడుతుంటాయి.

అచ్చుపని చేసేవారికి ఇది కొత్త సంగతేమీ కాదు. 1960లో కళాకారిణి జూన్ వేన్ లాస్ ఏంజెలెస్‌లో మొదలుపెట్టిన టామరిండ్ లితోగ్రఫీ (రాతి అచ్చు) వర్క్‌షాప్ సంప్రదాయంలో, ప్రింటు కింద కళాకారుల సంతకంతో పాటు వర్క్‌షాప్ ముద్ర, అచ్చు వేసిన మనిషి, అంటే ప్రింటర్, ముద్ర కూడా కాగితంలోకి నొక్కుతారు. సిరా ఉండదు. కాగితాన్ని వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటేనే ఆ ఉబ్బు కంటికి ఆనుతుంది. ఎడిషన్ (ఒక బొమ్మకు వేసే ప్రతులన్నీ) ముగిశాక ప్రింటర్‌కు ఒక ప్రూఫ్ (ఆ లెక్కలో చేరని ఒక ప్రతి) ఇవ్వడం కూడా మన వర్క్‌షాపుల్లో ఎవరూ ప్రత్యేకంగా అడగనక్కర్లేని మర్యాద. దిమ్మ మీద గీతలన్నీ మీవే అయినా, ఆ గీతలను కాగితం మీదికి తెచ్చిన మనిషికి మీరు ఇంత చోటు ఇస్తారు కదా. మీ అచ్చు మీద తన బొమ్మ తాను కుట్టిన మనిషికి అంతకంటే తక్కువ చోటు ఎలా ఇస్తారు? ఆమె వెనకవైపు కుట్టుకున్న పేరు కూడా నా కంటికి సిరా లేని ముద్రలాగానే ఉంది.

అమెరికన్ కళాకారిణి జూడీ షికాగో 1974 నుంచి 1979 దాకా "ద డిన్నర్ పార్టీ" అనే ఇన్‌స్టాలేషన్ (గదిలో అమర్చి చూపే కళాకృతి) మీద పనిచేసినప్పుడు, కుట్టుపనికీ పింగాణీ పనికీ వందల మంది స్వచ్ఛందంగా వచ్చి చేరారు. సహకరించినవారి పేర్లున్న ఫలకాలు ఆ కళాకృతిలోనే ఒక భాగం. అయినా, అంతమంది శ్రమను ఒక్కరి పేరు మీద చలామణీ చేయడం సబబేనా అన్న వాదన అప్పుడు లేచింది, ఇప్పటికీ అణగలేదు. నా మట్టుకు నేను ఆ వాదనలో ఏదో ఒక పక్షానికి పూర్తిగా చేరలేకపోయాను. ఆలోచన తనదేనని, తుది నిర్ణయం తనదేనని ముందే చెప్పి పనిలోకి పిలవడం ఒక పద్ధతి, అందులో మోసం లేదు. మీ ఇబ్బంది వేరు. మీరు అలా చెప్పి పిలవలేదు. "తోచింది కుట్టండి" అని పిలిచారు. ఒక మాట మీద మొదలుపెట్టిన పనిని ఇంకో మాట మీద ముగించమని గ్యాలరీవారు మిమ్మల్ని అడుగుతున్నారు.

నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల కిందట ఒక బడి పిల్లలతో గోడమీద పెద్ద బొమ్మ వేయించాను. ప్రారంభోత్సవానికి అచ్చైన ఆహ్వానపత్రంలో నా పేరు ఒక్కటే ఉంది. అచ్చుకు ముందు నమూనా నాకు చూపించారు, నేను అక్షరదోషాలు మాత్రమే చూసి పంపేశాను. ఆ రోజు ఒక పిల్లవాడు కార్డును ముందు ఒక వైపు, తర్వాత రెండో వైపు, మళ్లీ మొదటి వైపు తిప్పి చూసి, జేబులో పెట్టుకోకుండా బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. వాడు నన్ను ఏమీ అడగలేదు. మిమ్మల్ని ఒకామె అడిగింది. అంటే మీ బృందంలో అడగగలిగినంత చనువు ఇంకా మిగిలి ఉంది, అది పోకముందే కూర్చుని మాట్లాడండి.

ఆ మాట్లాడేది గ్యాలరీ ప్రతినిధి లేకుండా, వస్త్రం నేలమీద పరిచి, 26 మందినీ పిలిచి మాట్లాడండి. ఈ వస్త్రాన్ని బయట చూపించవచ్చా, చూపిస్తే ముందు ఎక్కడ చూపాలి, ఎవరి పేర్లు ఎలా రాయాలి, ఫొటోలు కేటలాగులోనూ ఇంటర్నెట్‌లోనూ వేయవచ్చా, ఎవరైనా కొంటామంటే ఏం చేయాలి, చివరికి ఇది ఎక్కడ ఉండాలి, ఇవన్నీ ఆ ఒక్క సాయంత్రంలో తేలకపోవచ్చు. తేలనక్కర్లేదు కూడా. అందరూ ఒకే మాట మీదికి రావాలని పట్టుబట్టకండి. పేరు వేయమనేవారు ఉంటారు, వద్దనేవారు ఉంటారు, ఇంటిపేరు లేకుండా వేయమనేవారూ ఉంటారు. ఎవరు చెప్పింది వారికి వర్తింపజేయడం కష్టమేమీ కాదు. ఒప్పుకున్నవన్నీ ఒక పేజీలో, వారు చదివే భాషలో రాసి, పైకి చదివి వినిపించి, ఒక్కో ప్రతి అందరికీ ఇవ్వండి. న్యాయవాది భాష అవసరం లేదు, తేదీ మాత్రం తప్పకుండా ఉండాలి.

లేబుల్ మీద మొత్తం 27 పేర్లూ ఒకే సైజు అక్షరాల్లో ఉండాలన్నది నా అభిప్రాయం. మీ పేరు మొదట ఉండాలా, అక్షరక్రమంలో ఎక్కడ పడితే అక్కడ ఉండాలా అన్నది వారినే తేల్చమనండి. ఎవరు ఏం చేశారో ఒక వాక్యంలో సూటిగా రాయండి: దిమ్మలు చెక్కి అచ్చు వేసింది ఫలానావారు, కుట్టింది ఫలానావారు, కూర్చి కలిపింది అందరూ. లేబుల్ పొడుగైపోతుందని గ్యాలరీవారు అంటారు. అననివ్వండి. గోడకు చోటు తక్కువేమీ కాదు.

అమ్మకం సంగతి కాస్త నిదానంగా చూడాలి. వస్తువుకు సొంతదారు కావడం వేరు, దాని బొమ్మను అచ్చు వేసుకునే హక్కు ఉండడం వేరు. వస్తువు చేతులు మారినంత మాత్రాన ఆ హక్కు కూడా దానితో పాటే వెళ్లిపోదని చాలా దేశాల కాపీరైట్ చట్టాలు చెబుతాయి. కృతికి తాను కర్తనని చెప్పుకునే హక్కు ఇంకొకటి. ఆర్థిక హక్కులతో పనిలేకుండా అది కర్తకు ఉంటుందని కాపీరైట్ మీద దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందంలోకి 1928 నాటి రోమ్ సవరణతోనే ఎక్కింది. పలువురు కలిసి చేసిన పనిని ఒక్కరు తమ ఇష్టానికి అమ్మేస్తే ఎన్ని రకాల తగవులు రావచ్చో దీన్నిబట్టి ఊహించుకోండి. అందుకే ఈ ప్రదర్శనలో ఆ వస్త్రాన్ని అమ్మకానికి పెట్టవద్దని నా సలహా. ధరల జాబితాలో దాని ఎదుట "అమ్మకానికి కాదు" అని రాయించండి. తర్వాతెప్పుడో అందరూ అమ్ముదామనుకుంటే, గ్యాలరీ కమిషన్ పోగా మిగిలిన సొమ్ము ఎలా పంచుకోవాలో ఆ ఒక్క పేజీలో ముందే రాసి ఉంటే చాలు.

అమ్మకపోతే వారికి ఏమీ దక్కదు కదా అంటారేమో. ప్రదర్శనకు పెట్టడానికే రుసుము అడగవచ్చు. కెనడాలో 1968లో కళాకారులు స్థాపించుకున్న కార్ఫాక్ అనే సంఘం ఏళ్ల తరబడి దీనికోసమే పోరాడింది. 1988లో అక్కడి కాపీరైట్ చట్టంలో ప్రదర్శన హక్కు చేరింది. అమ్మకానికో అద్దెకో కాకుండా ఒక కృతిని ప్రజల ముందు పెట్టినప్పుడు వర్తించే హక్కు అది. మీరున్న చోట అలాంటి చట్టం లేకపోయినా అడగడానికి అడ్డేమీ లేదు. గ్యాలరీ తన కరెంటు బిల్లు కడుతుంది, రవాణా వారికి కడుతుంది, ఆహ్వానపత్రాల ప్రెస్సుకు కడుతుంది. గోడమీద ఉన్నదాన్ని చేసినవారి దగ్గరికి వచ్చేసరికి మాత్రం గుర్తింపు గురించి మాట్లాడడం మొదలుపెడుతుంది. రుసుము చిన్నదే కావచ్చు, 27 భాగాలు చేస్తే ఇంకా చిన్నదవుతుంది. అయినా ఎవరి చేతికి వారికి ఇవ్వండి.

ఇక ముక్కలు తిరిగి ఇవ్వమన్నావిడ ప్రశ్నకు జవాబు. ఇవ్వవచ్చు. మొత్తంగా ఉంటేనే అది కళాకృతి, విడదీస్తే పాడైపోతుంది అన్న భయం మీలో ఉన్నట్టుంది. ఎయిడ్స్‌తో చనిపోయినవారి జ్ఞాపకార్థం కుట్టిన ఎయిడ్స్ స్మారక బొంతను 1987 అక్టోబర్ 11న వాషింగ్టన్‌లోని నేషనల్ మాల్ అనే మైదానం మీద మొదటిసారి పరిచినప్పుడు అందులో 1,920 ముక్కలు ఉన్నాయి. ఒక్కొక్కటి 3 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు. అలాంటివి ఎనిమిదింటిని కలిపితే 12 అడుగుల చదరం అవుతుంది. ఆ చదరాలు విడివిడిగా ప్రయాణిస్తాయి, ఒక చోట నాలుగు, ఇంకో చోట నలభై. విడిపోవడానికి వీలుగా కుట్టారు గనకనే అది అంతగా పెరగగలిగింది. మీ వస్త్రాన్ని ఇప్పటికే కలిపేశారు గానీ, ఆ కుట్లు విప్పి పట్టీలతోనో కొక్కేలతోనో మళ్లీ కలపడం సాధ్యమేనా అన్నది మీకంటే, నాకంటే వారికే బాగా తెలుసు. అడగండి. ప్రదర్శన ముగిశాక ఫలానా తేదీకి ఎవరి ముక్క వారికి చేరుతుందని, మళ్లీ ఎప్పుడైనా చూపాలంటే అందరినీ అడిగి తెప్పించుకుంటామని మాట ఇవ్వవచ్చు. అప్పుడప్పుడు మాత్రమే ఒక్కటయ్యే వస్త్రం, నా దృష్టిలో, ఎవరింటి గోడకో శాశ్వతంగా అంటుకుపోయిన వస్త్రం కంటే మంచి కళాకృతి.

ఏకవ్యక్తి ప్రదర్శన మధ్యలో దాన్ని పెట్టడం నాకు నచ్చలేదు. ఆ పేరులోనే వైరుధ్యం ఉంది. మీ ప్రింట్లన్నిటినీ గోడలకు వేసి మధ్యలో ఈ వస్త్రాన్ని వేలాడదీస్తే, చూసేవారు దాన్ని మీ ఊహకు పెద్ద సైజు రూపంగానే చూస్తారు, లేబుల్ మీద ఎన్ని పేర్లున్నా సరే. రెండో గది ఉంటే అందులో, వేరే శీర్షికతో, వేరే లేబుల్‌తో పెట్టండి. గది లేకపోతే ఈసారికి మానేయండి. మీ ఎచింగులకు ఆ వస్త్రం ఆసరా అవసరమని గ్యాలరీ అనుకుంటోందా, మీరు అనుకుంటున్నారా అన్నది మాత్రం ఒకసారి తలుపు మూసుకుని ఆలోచించుకోండి. పన్నెండేళ్ల పని తన కాళ్ల మీద తాను నిలబడాలి. వస్త్రం మొదటి ప్రదర్శన, వీలైతే, అది తయారైన కుట్టుపని కేంద్రంలోనే జరగనివ్వండి. దాన్ని చేసినవారు తమవాళ్లను వెంటబెట్టుకుని రావడానికి జంకని చోటు అదే.

రెసిడెన్సీ విషయంలో నాకు అనుమానం ఎక్కువ, ఆశ కూడా ఉంది. రెసిడెన్సీ అన్న ఒక్క మాట కింద రెండు వేర్వేరు సంగతులు చేరిపోయాయి. ఒకటి ఏకాంతం ఇచ్చేది. 1907లో అమెరికాలోని న్యూహాంప్‌షైర్‌లో మొదలైన మెక్‌డొవెల్ దీనికి పాత ఉదాహరణ. అక్కడ మధ్యాహ్న భోజనాన్ని బుట్టలో పెట్టి, పని చెడకుండా స్టూడియో గుమ్మం దగ్గర ఉంచి వెళ్లిపోతారు. రెండోది కళాకారులను మనుషుల మధ్యలోకి పంపేది. 1966లో లండన్‌లో బార్బరా స్టీవెనీ, జాన్ లాథమ్ తదితరులు ఏర్పరచిన ఆర్టిస్ట్ ప్లేస్‌మెంట్ గ్రూప్ కళాకారులను కర్మాగారాలకూ ప్రభుత్వ శాఖలకూ పంపింది. ఏం చేసి చూపాలో ముందే చెప్పకూడదన్నది వారి ప్రధాన నియమం. చుట్టూ చూసి, మనుషులతో మాట్లాడి, అసలు ఏమైనా చేయవచ్చా అని తేల్చుకోవడానికే మొదటి కొంతకాలం కేటాయించేవారు. మిమ్మల్ని పిలిచినవారు మొదటి రకానికి సరిపోయే గడువు ఇచ్చి, రెండో రకం ఫలితం అడుగుతున్నారు. అది వారి దురుద్దేశం కాకపోవచ్చు. నిధులిచ్చేవారికి చూపించాల్సిన నివేదిక అలా అడిగిస్తుంది.

ఆరు వారాలంటే ఎంతో లెక్కపెట్టండి. మొదటి వారం బస, కాగితాలు, సామాను, దారులు తెలుసుకోవడంలో పోతుంది. చివరి వారం ఆరబెట్టడం, ప్యాకింగ్, వీడ్కోలు. నూనె సిరా తడి ఆరకముందే ప్రింట్లను ఒకదాని మీద ఒకటి పేర్చి పెట్టెలో వేయలేరన్నది మీకు చెప్పనక్కర్లేదు. మిగిలింది నాలుగు వారాలు. కళాకారిణి మియర్లే లేడర్‌మన్ యూకెలిస్ న్యూయార్క్ పారిశుధ్య శాఖలో జీతం లేని ఆర్టిస్ట్ ఇన్ రెసిడెన్స్‌గా ఉంటూ, 1979 జులై నుంచి 1980 జూన్ దాకా, ఆ నగరంలోని 8,500 మంది పారిశుధ్య కార్మికులను ఒక్కొక్కరినీ కలిసి, చేయి కలిపి, నగరాన్ని బతికిస్తున్నందుకు కృతజ్ఞతలు చెప్పారు. చేసింది కరచాలనం, దానికి పట్టింది దాదాపు పదకొండు నెలలు, దాని వెనక సన్నాహం వేరే. కళాకారిణి నవజోత్ అల్తాఫ్ 1990ల చివరి నుంచి బస్తర్‌లోని కొండగావ్‌లో అక్కడి ఆదివాసీ కళాకారులతో కలిసి చేస్తున్న పనిలో చేతిపంపుల చుట్టూ కట్టిన నల్పర్‌లు ఉన్నాయి. నీళ్ల బిందెను నేల మీద నుంచి వంగి ఎత్తుకోనక్కర్లేకుండా, దించుకుని మళ్లీ ఎత్తుకోవడానికి వీలైన ఎత్తులో అరుగులు కట్టారు. ఆ ఎత్తు సరిగ్గా ఎంత ఉండాలో రోజూ బిందె మోసేవారు చెబితేనే తెలుస్తుంది. వారు చెప్పేంత నమ్మకం కుదరడానికి నాలుగు వారాలు చాలవు.

అలాగని తక్కువ కాలం దానంతటదే తప్పు కాదు. కళాకారుడు ఫ్రాన్సిస్ అలీస్ 2002 ఏప్రిల్ 11న పెరూ రాజధాని లీమా శివార్లలో 500 మంది స్వచ్ఛంద కార్యకర్తలకు పారలు ఇచ్చి, ఒక ఇసుక దిబ్బను దాదాపు 10 సెంటీమీటర్లు జరిపించాడు. ఒక్క రోజు పని. వచ్చినవారిని జీవితాలు మార్చేస్తానని పిలవలేదు. పారతో ఇసుక ఎత్తమని పిలిచాడు, ఎత్తారు, అయిపోయింది. తప్పెక్కడ వస్తుందంటే, మూడేళ్లు పట్టే సంబంధాన్ని ఆరు వారాల్లో చేసినట్టు ఫొటోలు తీసి చూపించడంలో వస్తుంది. కాబట్టి రెసిడెన్సీని వదులుకోనక్కర్లేదు, షరతు మార్చమని అడగండి. "సామూహిక కళాకృతి" బదులు, ఇప్పటికే ఏదో పనిమీద క్రమంగా కలుసుకుంటున్న ఒక చిన్న బృందంతో నాలుగైదు కూర్చోవడాలు, చివర్లో స్టూడియో తలుపులు తెరిచి ఉంచే ఒక రోజు, ఇంతే మాట ఇవ్వండి. ఏం వస్తే అది. ఏమీ రాకపోయినా నివేదికలో అలాగే రాస్తామని ముందే చెప్పండి.

వారికి రాసే ఆ ఉత్తరంలోనే కొన్ని ప్రశ్నలు అడగండి. ఆ బృందాన్ని ఎవరు ఎంచుకున్నారు, మీరు వస్తున్న సంగతి వారికి తెలుసా, వచ్చి కూర్చున్నందుకు వారికి ఏమైనా ఇస్తారా, దుభాషికి జీతం ఎవరిస్తారు, చేసినవి ఎవరి దగ్గర ఉంటాయి. వీటికి సూటిగా సమాధానాలు రాకపోతే, సామూహికం అన్నది కరపత్రం కోసం రాసుకున్న మాటని అర్థం చేసుకుని, మీ ఎచింగులు మీరు చేసుకోవడానికి వెళ్లండి; అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ప్రెస్ బెడ్ (రేకు, కాగితం పెట్టే పలక) కొలత ఎంత, ఫెల్ట్ బ్లాంకెట్లు (కాగితం మీద పరిచే మందపాటి ఉన్ని గుడ్డలు) ఏ స్థితిలో ఉన్నాయి, ఆసిడ్ వాడే చోట గాలి బయటికి లాగే ఏర్పాటు ఉందా అన్నవి కూడా అప్పుడే అడిగేయండి. మంచి ప్రెస్ ఉందని చెప్పి పిలిచిన ఒక చోట నాకు దొరికిన ప్రెస్ రోలరు ఒక పక్కకి వాలి ఉంది. మూడు వారాలు ప్రతి ప్రింటూ కుడివైపు వెలిసిపోయినట్టే వచ్చింది.

మీరు వెళ్లిపోయాక ఏం మిగులుతుందన్నది కూడా అప్పుడే ఆలోచించాల్సిన సంగతి. కళాకారుడు జోసెఫ్ బాయిస్ 1982లో జర్మనీలోని కాసెల్‌లో, డాక్యుమెంటా ప్రదర్శన జరిగే భవనం ముందు 7,000 బసాల్టు రాళ్లు కుప్ప పోయించి, నగరంలో ఒక మొక్క నాటినప్పుడల్లా ఒక రాయి తీసి దాని పక్కన పాతాలని నియమం పెట్టాడు. ఇంకా ఎంత పని మిగిలిందో దారినపోయే ఎవరికైనా కుప్పను చూస్తే తెలిసేది. 1986లో బాయిస్ చనిపోయినా పని ఆగలేదు, 1987లో చివరి చెట్టు నాటారు. పెట్టినవారు లేకపోయినా నడిచే ఏర్పాటు అది. మీరు అంత పెద్దది చేయనక్కర్లేదు. దిమ్మలు చెక్కడం నేర్పితే ఉలులూ దిమ్మలూ అక్కడే వదిలి రండి.

ప్రదర్శనకు మళ్లీ వస్తే, వస్త్రం చూపించడానికి అందరూ ఒప్పుకున్నారనుకుందాం. మేకులు కొట్టనివ్వకండి. పైఅంచు వెనకవైపు కాటన్ పట్టీ కుట్టి, దానికి వెల్క్రో కుట్టి, గోడకు బిగించిన చెక్కబద్దకు రెండో వెల్క్రో పెడితే బరువు ఒక్కచోటే పడకుండా అంచు పొడవునా సర్దుకుంటుంది. గుడ్డకైనా, మీ ప్రింట్ల కాగితానికైనా వెలుతురు 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) దాటకుండా చూడమనండి. ఎక్కువైతే రంగులు వెలుస్తాయి, వెలిసిన రంగు తిరిగి రాదు. తీసుకెళ్లేటప్పుడు మడతలు పెట్టకుండా గొట్టానికి చుట్టండి. తెచ్చిన రోజు స్థితి, తిరిగి ఇచ్చిన రోజు స్థితి ఫొటోలతో సహా కాగితం మీద ఉండాలి, ఇన్సూరెన్స్ మొత్తం 27 మంది పేరు మీద ఉండాలి. మీ బయోడేటాలో దీన్ని ఏకవ్యక్తి ప్రదర్శనల కింద రాయకండి. సామూహిక ప్రాజెక్టులని వేరే శీర్షిక పెట్టి, కుట్టుపని కేంద్రం పేరుతో రాయండి.

ఇదంతా చదువుతుంటే మీకు ఒక ఆలోచన తట్టి ఉంటుంది, ఎందుకంటే నాకూ మొదట అదే తట్టింది. వస్త్రాన్ని గోడకు దూరంగా, గది మధ్యలో పైకప్పు నుంచి వేలాడదీస్తే జనం రెండు వైపులా తిరిగి చూడగలరు. వెనకవైపు ముడులూ, దారపు కొసలూ, ఆ పేరూ కనబడతాయి. చూడడానికి ఎంతో బాగుంటుంది. గ్యాలరీవారు ఎగిరి గంతేస్తారు, పత్రికలవారు ఆ పేరునే దగ్గరగా ఫొటో తీసుకుంటారు. కానీ గుడ్డలో కలిసిపోయే రంగు దారాన్ని ఏరి పట్టుకున్నది ఆమె. ముందువైపు కుట్టడానికి ఆమెకు కావలసినంత చోటుంది, అక్కడ కుట్టలేదు. నేను సిరా లేని ముద్ర అన్నాను, అది నా ఊహ. తన తృప్తి కోసం మాత్రమే కుట్టుకుని ఉండవచ్చు, ఎవరైనా చూస్తే ఇబ్బంది పడే కారణం ఏదైనా ఉండవచ్చు. మీరు చూసిన సంగతి ఆమెకు తెలియకపోవచ్చు కూడా. అందరి మధ్యలో కాకుండా, ఆమెను ఒక్కదాన్నే పిలిచి, చూశానని చెప్పి, రెండు వైపులా కనబడేలా పెట్టవచ్చా అని అడగండి. వద్దంటే ఎందుకని అడగకుండా, వెనకవైపుకు అస్తరు కుట్టించి, వస్త్రాన్ని గోడకు ఆనించి పెట్టించండి.